పేరులో ఒక్క మాట

తనిఖీకి పాత తేదీలు పది కావలసి వచ్చాయి. తొమ్మిది తోచినవి కొట్టింది గరికిన నూకరత్నం. పదోది మాత్రం వేళ్ళు వాటంతట అవే కొట్టాయి: నాలుగేళ్ళ కిందటి నవంబరు పదహారు. ఆమె అన్న దానయ్య సముద్రం మీద చేపల వేటకు వెళ్ళి తిరిగిరాని రోజు.

భీమిలి కొండ మీది ఆ కేంద్రంలో నూకరత్నం పదకొండేళ్ళుగా పనిచేస్తోంది. కొండ కింద నుంచి గాజు తీగ ఒకటి సముద్రంలోకి దిగి, అడుగున పరుచుకుని, ఒకవైపు అండమాన్ మీదుగా ఇండోనేషియా దాకా, ఇంకోవైపు శ్రీలంకను చుట్టి ఆఫ్రికా దాకా పోతుంది. వెంట్రుకంత సన్నటి ఆ తీగలో ఎప్పుడూ వెలుతురు పారుతూ ఉంటుంది. సముద్రం అడుగున నేల ఏ కాస్త అదిరినా ఆ వెలుతురు తడబడుతుంది. ఎక్కడ తడబడిందో, ఎంత తడబడిందో చూసి, అల ఒడ్డుకు చేరేలోగా ఊళ్ళకు కబురు పంపుతారు. ఇరవై తొమ్మిది దేశాలు కలిసి నడిపే ఈ సంస్థ పేరు అంతర్జాతీయ సునామీ శ్రవణ సేవ. దాని కబురు అందడం వల్ల రెండుసార్లు ఊళ్ళకు ఊళ్ళు బతికి బయటపడ్డాయి.

అయితే తీగకు నేల అదురు ఒక్కటే వినిపించదు. తిమింగలం కూత, ఓడ ఇంజను, లంగరు పడ్డ చప్పుడు, అన్నీ వినిపిస్తాయి. ఒప్పందం రాసుకునేటప్పుడు దేశాలు భయపడింది దానికే. తమ యుద్ధనౌకలు ఎక్కడ తిరుగుతున్నాయో పరాయివాళ్ళకు తెలిసిపోతుందన్నాయి. అందుకని మొదటి నిబంధన ఇలా రాశారు: ఈ సేవ తన పేరులో ఉన్న పని తప్ప మరే పనీ చేయదు. సునామీకి సంబంధం లేని ప్రతి చప్పుడునూ ఆరు నిమిషాల్లో తుడిచేస్తుంది.

తుడిచే ప్రోగ్రాము రాసింది నూకరత్నమే. ఆఫీసులో దాన్ని జల్లెడ అంటారు. చప్పుడు పోతుంది గాని, ఏం తుడిచిందో చెప్పే వరుస ఒకటి జాబితాలో మిగులుతుంది. ఓడలైతే చోటు రాయదు. లంగర్లు తీగను కోస్తాయేమోనన్న జాగ్రత్తతో, ఇంజను లేని చప్పుళ్ళకు మాత్రం చోటు రాసేలా ఆమే పెట్టింది. ఒకే చోట ఒకే రకం చప్పుడు మళ్ళీ మళ్ళీ వస్తే అన్నిటినీ కలిపి ఒకే వరుసగా రాస్తుంది. ఆ జాబితాను ఎవరూ చదవరు.

నవంబరు పదహారు కింద నాలుగు వేల పైచిలుకు వరుసలున్నాయి. ఓడ, ఓడ, తిమింగలం, ఓడ. వాటి మధ్య ఒకటి వేరుగా కనిపించింది.

రకం: కొట్టుడు. బోలు వస్తువు మీద గట్టి వస్తువు. మూడేసి దెబ్బలు. చోటు: కొత్తరేవుకు ఈశాన్యంగా ఇరవై ఆరు మైళ్ళు. వ్యవధి: పంతొమ్మిది గంటలు.

కొత్తరేవు ఆమె పుట్టిన పల్లె. తెప్ప అనే చిన్న పడవ తిరగబడితే దాని మీదికెక్కి అడుగున మూడేసి దెబ్బలు కొట్టడం ఆ పల్లెలో పాత అలవాటు. దగ్గర్లో వల వేసినవాళ్ళకు నీళ్ళలోంచి వినిపిస్తుందని. నూకరత్నం చిన్నప్పుడు దానయ్యే బిందె బోర్లించి ఎలా కొట్టాలో చూపించాడు. ఆ నవంబరులో గాలి తీరు చూసి అందరూ దక్షిణంగా వెతికారు. మూడు రోజులు వెతికి మానేశారు.

ఆమె బాత్రూములోకి వెళ్ళి, కొళాయి తిప్పి, నీళ్ళ చప్పుడులో కాసేపు నిలబడింది. తర్వాత వచ్చి నివేదిక నింపింది. పది తేదీలు సరిచూడడమైనది. జల్లెడ సక్రమంగా పనిచేయుచున్నది.

*

ఆదివారం కొత్తరేవు వెళ్ళింది. చెప్పాలనే వెళ్ళింది. దానయ్య భార్య పైడితల్లి ఇసకలో పరిచిన నెత్తళ్ళను తిరగేస్తోంది. నుదుట బొట్టు, చేతులకు గాజులు ఉన్నాయి. శవం దొరకలేదు కనక తీసేయమని పెద్దలెవరూ అనలేదు, ఉంచుకోమనీ అనలేదు.

"ఏటే నూకీ, మొకం అలాగుంది? ఒంట్లో బాగోనేదేటి?"

"ఏటీ నేదొదినా. ఎండకి."

"ఎండలో ఉన్నది నాను. నువ్వు ఏసీలో కూకుంటావు." పైడితల్లి నవ్వి, చేతులు దులుపుకుంది. "మొన్న ఆఫీసుకెల్లినాను. మీ అన్న పోయినాడని కాయితం ఇమ్మంటే ఏడేళ్ళు ఆగాలన్నారు. ఆళ్ళకీ తెలీదు, నాకూ తెలీదు. బొట్టెట్టుకుంటే ఓ మాటంతారు, తీసేస్తే ఓ మాటంతారు."

దానయ్య ఒక్క కెరటానికే పోయుంటాడని, బాధ తెలిసుండదని వదినకు మొదట చెప్పింది నూకరత్నమే. నాలుగేళ్ళుగా ఆ మాట పట్టుకునే పైడితల్లి అన్నం తింటోంది. ఆ మాటను తన చేత్తోనే తీసేయడం ఆ రోజు ఆమెకు చేతకాలేదు. ఇద్దరూ కలిసి చేపలు తిరగేశారు. పొద్దు వాలకముందే బస్సెక్కి వచ్చేసింది.

*

డిసెంబరు మొదటి వారంలో సముద్రం మీద అల్పపీడనం పట్టింది. వేటకు పోవద్దని చెప్పేలోగానే వెళ్ళిపోయిన బోట్లు కొన్ని ఉన్నాయి. మంగళవారం మధ్యాహ్నం రెండు దాటాక జల్లెడ కింద ఒక వరుస పడింది. రకం: కొట్టుడు. మూడేసి దెబ్బలు.

నూకరత్నం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. నీటి హోరు అడుగున సన్నగా, తలుపు అవతల ఎవరో కొడుతున్నట్టు మూడు దెబ్బలు. ఆగి, మళ్ళీ మూడు. తుడిచెయ్యడానికి ఇంకా అయిదు నిమిషాలుంది. ఆమె డైరెక్టరు గదిలోకి పరుగెత్తింది.

డైరెక్టరు కొచ్చెర్లకోట రామభద్రం ఆలస్యంగా భోజనానికి కూర్చున్నారు. ముందు క్యారియరు గిన్నెలో పెరుగన్నం ఉంది.

"సార్, కొట్టుడు వస్తోంది. కళింగపట్నానికి ఎదురుగా పద్దెనిమిది మైళ్ళు."

"నేల కదలికా?"

"కాదండి. బోటు తిరగబడింది. మనుషులున్నారు."

ఆయన స్పూను గిన్నెలో పెట్టేశారు. "మొదటి నిబంధన నా చేత్తో నేనే రాశానమ్మా."

"తెలుసండి."

"ఇప్పుడు మనం ఒక్క ఫోను చేస్తే ఇరవై తొమ్మిది దేశాలకీ మాట తప్పినవాళ్ళమవుతాం. వాటిలో రెండు కోపమొచ్చి తమ నీళ్ళలో తీగ తెంపేసుకున్నా చాలు, రేపు అల వస్తే మనకి వినపడదు. అప్పుడు పోయేది ఒక బోటు కాదు."

"మా అన్న పంతొమ్మిది గంటలు కొట్టాడండి. జాబితాలో మొన్న చూశాను. నా జల్లెడే తుడిచేసింది."

రామభద్రం ఆమె ముఖంలోకి చూశారు. ఆమెకు అన్న ఉండేవాడని, సముద్రంలో పోయాడని ఆయనకు తెలుసు. అంతవరకే తెలుసు. గోడ గడియారం చూసి, కుర్చీలోంచి లేచారు.

"నన్ను అడగొద్దమ్మా. అడిగితే కాదనాల్సి ఉంటుంది. చెయ్యి కడుక్కొస్తాను."

ఆయన బయటికి వెళ్ళి తలుపు దగ్గరగా వేశారు. బల్ల మీద ఫోను ఉంది.

ఆమె తీరరక్షక దళానికి చోటు చెప్పింది. పేరు అడిగితే పేరూ చెప్పింది, ఏ సంస్థ అంటే అదీ చెప్పింది. తర్వాత తన బల్ల దగ్గరికి వెళ్ళి ఆ ఒక్క వరుసకు జల్లెడను ఆపింది. గదిలో ఉన్న నలుగురూ వచ్చి ఆమె వెనక నిలబడ్డారు. హెడ్‌ఫోన్లు తీసి చప్పుడును స్పీకరుకు పెట్టింది. మూడు, ఆగి, మూడు. మూడుంబావుకు దెబ్బల మధ్య ఎడం పెరిగింది. నాలుగైన కాసేపటికి దెబ్బలు ఆగిపోయాయి.

పదకొండు నిమిషాలు గడిచాయి. చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళిన రామభద్రం ఎప్పుడు వచ్చారో, గుమ్మంలో నిలబడి ఉన్నారు.

ఫోను మోగింది. "ఏడుగురూ దొరికారండి. ఒక పెద్దాయనకు చెయ్యి విరిగింది, మిగతావాళ్ళు బాగానే ఉన్నారు" అన్నాడు అవతలి మనిషి.

"చప్పుడు ఆగిపోయింది కదండీ..."

"హెలికాప్టరు కనపడగానే కొట్టడం మానేసి చేతులూపారు మేడమ్. అందుకే."

నూకరత్నం కుర్చీలో కూలబడింది. నవ్వుతోందో ఏడుస్తోందో చుట్టూ ఉన్నవాళ్ళకు తెలియలేదు.

*

వారం తిరక్కుండా రెండు దేశాల నుంచి ఉత్తరాలు వచ్చాయి. సంస్థ మాట తప్పిందనీ, విచారణ జరపాలనీ, లేకపోతే తమ నీళ్ళలో తీగను తీసేస్తామనీ వాటి సారాంశం. రెండు వారాల్లో విశాఖపట్నంలో అత్యవసర సమావేశం పెట్టారు. నూకరత్నాన్ని పని నుంచి పక్కన పెట్టమన్నారు. రామభద్రం పెట్టలేదు. ఆమెను గదిలోకి పిలిచి, ఒప్పందం కాగితాలు ముందు పరిచారు.

"నిబంధన మార్చాలంటే ఒప్పందమంతా మళ్ళీ రాసుకోవాలి. పదేళ్ళు పడుతుంది. పేరు మార్చడానికి మాత్రం ఒక్క సమావేశం చాలు. ఇక్కడ చూడు. పేరులో ఉన్న పని తప్ప చేయకూడదంటోంది. పేరు మారితే పనీ మారినట్టే."

"ఏమని మారుస్తామండీ?"

"సునామీ అన్న చోట సముద్రం అని పెడదాం. ఒక్క మాటే. కాని ఇరవై తొమ్మిది దేశాలూ ఒప్పుకోవాలి. ఒక్కటి కాదన్నా పాత పేరే. అప్పుడు నీ ఉద్యోగం, నా ఉద్యోగం, బహుశా తీగ కూడా మిగలవు." ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఈ దారి కావాలనే వదిలారా, పొరపాటున ఉండిపోయిందా అని నన్నడక్కు. నాకూ గుర్తు లేదు."

తుడిచిన జాబితాను సమావేశంలో చూపించక తప్పదు. తొమ్మిదేళ్ళలో మూడేసి దెబ్బల వరుసలు నూట ముప్పై ఎనిమిది ఉన్నాయి. అన్నీ బోట్లు కాకపోవచ్చు. కొన్ని మాత్రం తప్పకుండా బోట్లే. పేపర్లలో పడేలోగా ఈ తీరంలోని కుటుంబాలకు ముందు మనమే చెప్పాలన్నారు రామభద్రం.

"మీ వదినగారి దగ్గర మొదలుపెట్టమ్మా. నేనూ వస్తాను."

"వద్దండి. నేనొక్కదాన్నే వెళ్తాను."

*

పైడితల్లి ఇంటి ముందు కూర్చుని చిరిగిన వల సరిచేస్తోంది. నూకరత్నం ఎదురుగా నేల మీద కూర్చుని అంతా చెప్పింది. తీగ గురించి, జల్లెడ గురించి, జాబితాలో దొరికిన వరుస గురించి. ఎక్కడా ఆపకుండా చెప్పింది. ఆపితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

పైడితల్లి చేతులు ఆగిపోయాయి. "ఎంతసేపు కొట్టినాడు?"

"పంతొమ్మిది గంటలొదినా."

"ఒక్క కెరటానికే పోనాడన్నావు కదే."

"నాకప్పుడు తెలీదొదినా."

"ఆ తుడిసిందేదో, అది నువ్వు రాసిందేనేటి?"

"నాను రాసిందే."

పైడితల్లి వలను పక్కకు నెట్టి లోపలికి వెళ్ళింది. చాలాసేపటికి గుమ్మంలోకి వచ్చి, "ఇంక ఎల్లు నూకీ" అంది. తిట్టలేదు. నూకరత్నం బస్సులో కూర్చుని, తిట్టి ఉంటే బాగుండేదనుకుంది.

మూడు రోజులు వదిన ఫోను ఎత్తలేదు. నాలుగోనాడు పొద్దున్నే పైడితల్లే చేసింది.

"సోటు తెలుసన్నావు కదా. అది రాసున్న కాయితం నాకియ్యి."

"తెస్తానొదినా."

తర్వాత పైడితల్లి నెమ్మదిగా అంది. "ఆ రోజు పొద్దున్న దెబ్బలాడుకున్నాం నూకీ. ఎవలికీ సెప్పనేదు. నీ మొకం సూడనని అనేసి తెప్పెక్కినాడు. మనిసి సచ్చిపోనేదేమో, నా మీద కోపంతోటి ఇంకే ఊరో ఎల్లిపోనాడేమో, అక్కడెవత్తినో ఏలుకుంటన్నాడేమో అని నాలుగేళ్ళూ అదే గుబులు. ఎల్లిపోనేదు. ఇంటికి రావాలనే కొట్టినాడు. అంతసేపు కొట్టినాడు."

"ఒదినా..."

"నీ మీద కోపం నేదని సెప్పను. ఉంది. పోద్ది. కాయితం తే."

*

సమావేశం బీచి రోడ్డులోని ఒక హోటల్లో జరిగింది. నూకరత్నం గంటంబావు మాట్లాడింది. ఏడుగురు దొరికిన రోజు చప్పుడును వినిపించింది. తుడిచిన జాబితాను తెర మీద పెట్టింది. ఆ వరుసల్లో ఒకటి తన అన్నదని మాత్రం చెప్పలేదు. అది రామభద్రం చెప్పారు. ఆమె తనను అడిగిందనీ, తాను జవాబు చెప్పకుండా గది వదిలి వెళ్ళాననీ, తప్పు ఎంచదలిస్తే అదే ఎంచమనీ అన్నారు.

సాయంత్రానికి ఇరవై ఏడు దేశాలు ఒప్పుకున్నాయి. ఉత్తరం రాసిన రెండు దేశాల్లో ఒకటి, ఓడల వరుసల్లో తొమ్మిదేళ్ళుగా చోటు రాయనే లేదని తన నిపుణుల చేత పరీక్ష చేయించుకుని మెత్తబడి, తానూ సరేనంది. రెండోదాని ప్రతినిధి ఒక సన్నటి ముసలాయన. పొద్దుటి నుంచి ఒక్క ప్రశ్నా వేయలేదు. మర్నాడు ఉదయం అందరూ కూర్చున్నాక ఆయన మైకు దగ్గరికి లాక్కున్నాడు. దుభాషి ఆయన మాటల్ని ఒక్కొక్కటిగా అందించాడు.

"నేను ఇరవై రెండేళ్ళు జలాంతర్గామిలో పనిచేశాను. అందుకే నన్ను పంపారు, దేనికీ ఒప్పుకోవద్దని." ఆగి, నీళ్ళు తాగాడు. "మీరు నిన్న వినిపించింది బయటి నుంచి కొట్టిన చప్పుడు. నీళ్ళ కింద చిక్కుకున్నవాళ్ళు లోపలి నుంచి కొడితే మీ తీగకు వినిపిస్తుందా?"

"వినిపిస్తుందండి" అంది నూకరత్నం. "ఇంకా బాగా వినిపిస్తుంది. అడుగుకు దగ్గర కదా."

"ఏ దేశపు ఓడో చూసి తుడుస్తుందా?"

"కొట్టేది ఏ దేశం మనిషో దానికి తెలియదండి. ఇంజను తిరుగుతున్నంతసేపు చోటు రాయదు. ఇంజను ఆగి, మనుషులు కొడుతుంటే మాత్రం రాస్తుంది."

ఆయన తల ఊపి, తమ దేశానికి ఫోను చేసుకోవాలని బయటికి వెళ్ళాడు. గంటన్నర గడిచింది. హాల్లో అందరూ టీలు తాగారు. రామభద్రం మాత్రం కప్పు పట్టుకుని అలాగే కూర్చున్నారు. టీ మీద మీగడ కట్టింది.

ముసలాయన తిరిగి వచ్చి తన కుర్చీలో కూర్చున్నాడు. తమవాళ్ళు ఏమన్నారో, తను వాళ్ళతో ఏమన్నాడో చెప్పలేదు. అధ్యక్షురాలు ఆయన దేశం పేరు పిలిచింది.

"అవును" అన్నాడు.

చప్పట్లు వెంటనే రాలేదు. దుభాషి ఇంకేమైనా చెబుతాడేమోనని అందరూ ఒక్క క్షణం ఆగారు. ఇంకేమీ లేదని అర్థమయ్యాక లేచి నిలబడ్డారు. రామభద్రం ముఖాన్ని రెండు చేతుల్తో కప్పుకుని, తీసి, "టీ చల్లారిపోయిందమ్మా, ఇంకోటి తెప్పిస్తావా" అన్నారు. నూకరత్నానికి ఒళ్ళంతా తేలికైనట్టు అనిపించింది. మూడు వారాల తర్వాత ఆ పూట ఆమెకు నిజంగా ఆకలి వేసింది.

జనవరి ఒకటి నుంచి అది అంతర్జాతీయ సముద్ర శ్రవణ సేవ. మొదటి నెలలో వేర్వేరు సముద్రాల్లో పదకొండు చోట్ల కొట్టుడు వినిపించింది. తొమ్మిది చోట్ల మనుషుల్ని ప్రాణాలతో తీసుకొచ్చారు. తీరం పొడుగునా జాబితాలోని మిగతా కుటుంబాల దగ్గరికి నూకరత్నం, రామభద్రం కలిసి వెళ్ళారు. కొందరు తలుపు వేసుకున్నారు. కొందరు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. ఒక తల్లి ఆ వరుస అచ్చుతీసిన కాగితాన్ని కొడుకు ఫొటో వెనక పెట్టుకుంది.

*

ఫిబ్రవరిలో సముద్రం నెమ్మదించింది. సరంగు ఎర్రన్న బోటు మీద పైడితల్లి, నూకరత్నం, దానయ్యతో వేటకు తిరిగిన ఇద్దరు మనుషులు తెల్లవారుతూనే బయలుదేరారు. ఎర్రన్న కాగితంలోని అంకెలు చూసి, చేతిలోని యంత్రంలో కొట్టి, ఈశాన్యంగా తిప్పాడు. నాలుగు గంటల ప్రయాణం. పైడితల్లి బోటు ముక్కు దగ్గర కూర్చుని ముందుకు చూస్తూనే ఉంది.

చోటు వచ్చిందని ఇంజను ఆపేశాడు. మిగతా సముద్రంలాగే ఉంది. గుర్తేమీ లేదు. బోటు ఊగుతోంది. పైడితల్లి వండి తెచ్చిన అన్నం, చేపల పులుసు ఆకులో పెట్టి నీళ్ళలోకి వదిలింది. ఒక చుట్ట ముట్టించి అదీ వదిలింది. గాజులు ఒక్కొక్కటే తీసి నీళ్ళలో వేసింది. తర్వాత వంగి, ఎవరికీ వినిపించనంత నెమ్మదిగా, నీళ్ళతో ఏదో మాట్లాడింది. చాలాసేపు మాట్లాడింది. ఎవరూ తొందర పెట్టలేదు.

లేచేటప్పుడు చెయ్యి అందించమన్నట్టు నూకరత్నం వైపు చాపింది. నూకరత్నం పట్టుకుని లేపింది.

తిరుగుదారిలో వెచ్చటి ఎండ పడింది. మిగిలిన పులుసు, అన్నం అందరూ పంచుకుని తిన్నారు. పైడితల్లి రెండోసారి పెట్టించుకుంది. చెయ్యి కడుక్కుని వలల కుప్ప మీద వాలి, కొంగు ముఖం మీదికి లాక్కుంది. కాసేపటికి ఆమె ఊపిరి బరువుగా, క్రమంగా సాగింది.

"నిద్దరోయిందేటి?" అన్నాడు ఎర్రన్న వెనకనుంచి.

నూకరత్నం తల ఊపింది.

"పడుకోనీ. తొందరేటుంది, మెల్లగానే ఎల్దాం" అని ఎర్రన్న ఇంజను వేగం తగ్గించాడు.